బూర వినబడని బెంచీ

చేతులక్క మంచం దిగబోతే కుడిచెయ్యి వెంట రాలేదు.

తెల్లవారుజామున మొదటి షిఫ్టుకి లేవడం ఆమెకు కొత్త కాదు. కళ్ళు పూర్తిగా తెరవకుండానే దుప్పటి తీసి, కాళ్ళు కింద పెట్టి, చెప్పులు వెతుక్కుని, చీకట్లోనే స్టవ్వు దాకా పోగలదు. ఆ వేళ మాత్రం లేచీ లేవగానే మణికట్టు దగ్గర ఏదో పట్టి లాగింది. మంచం కోడుకి ఏదో తగులుకుందనుకుని విదిలించింది. విదిలించగానే పక్కన పడుకున్న కూతురు చిన్ని ఉలిక్కిపడి లేచి, రెండు చేతులతో తల్లి నడుం చుట్టేసి వేలాడింది. పిల్ల గుండె దడదడా తన పక్కటెముకలకి తగులుతుంటే చేతులక్కకి నిద్రమత్తంతా వదిలిపోయింది.

లైటు వేసి చూస్తే మణికట్టుకి నాడా. ఆమె పనిచేసే లాండ్రీలో దుప్పట్ల కట్టలు కట్టడానికి వాడే తెల్ల నూలు నాడా, ఎప్పుడో ఏ సంచిలోనో పడి ఇంటికొచ్చిన ముక్క. ఒక కొస తన చేతికి, రెండో కొస పిల్ల చేతికి. ముడి కూడా మామూలుది కాదు, లాగినకొద్దీ బిగుసుకునే లాండ్రీ ముడి. సెలవుల్లో సరదాగా తనే నేర్పింది.

"ఏంటే ఇది?" అని సైగ చేసింది. కట్టి ఉన్న చెయ్యి కదిలితే దానితోపాటు పిల్ల చెయ్యీ గాల్లోకి లేచింది.

చిన్నికి పుట్టినప్పటినుంచీ వినబడదు. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. పిల్ల పిడికిలి నోటికి ఆనించి బుగ్గలు పూరించింది. అంటే బూర. తల్లి చెవి ముట్టుకుంది. "నీకు వినబడుతుంది." ఎడమ అరచేతి మీద రెండు వేళ్ళు మనిషిలా నిలబెట్టి పైకి లేపేసింది. "నువ్వు పోతావు." చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసి తెరిచింది. "నేను నిద్రలో ఉంటాను." చివరికి ఖాళీ అరచేతి మీద ఒక్క వేలు నిలబెట్టింది. "మిగిలిపోతాను. అందుకే కట్టాను. నువ్వు లేస్తే నేను కూడా వచ్చేస్తాను."

చేతులక్క పిల్ల వేళ్ళకేసే చూసింది. ఆ సైగలు తనవే. ఆ రెండు వేళ్ళని అరచేతి మీద నిలబెట్టి పైకి లేపడం, వెంటనే ఒంటివేలు చూపించి ఒక్క క్షణం ఆగడం, అంతా తను కల్పించిందే. ఆదివారం సాయంత్రాలు పెద్ద ప్రార్థన హాల్లో పాస్టరుగారు ప్రసంగిస్తుంటే, పక్కగోడ దగ్గర చెవిటివాళ్ళ బెంచీ ముందు నిలబడి ఆ ప్రసంగమంతా చేతుల్లోకి దింపేది ఆమే. అందుకే హాల్లో అందరికీ ఆమె చేతులక్క. అసలు పేరు ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదేమో.

కిందటి ఆదివారం ప్రసంగం ప్రభువు మళ్ళీ దిగివచ్చే రాకడ గురించి. కడబూర మోగుతుంది, సిద్ధంగా ఉన్నవాళ్ళు రెప్పపాటులో ఆకాశంలోకి ఎత్తబడతారు, ఒకే మంచం మీద ఉన్న ఇద్దరిలో ఒకరు పోయి ఒకరు మిగులుతారు, మిగిలినవాళ్ళకి ఏడేళ్ళ మహాశ్రమలు. ఆ రోజు ఆమె చేతులు మంచి ఊపు మీదున్నాయి. బెంచీ మీది ముసలి దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. బాగా చెప్పానని దారి పొడుగునా తనని తను మెచ్చుకుంటూ ఇంటికొచ్చింది. పిల్ల ఆ వేళ పక్కనే నడుస్తూ ఒక్క సైగా చెయ్యలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

"నిన్ను వదిలి నేనెక్కడికీ పోను" అని సైగ చేసింది.

చిన్ని తల అడ్డంగా ఊపింది. "నువ్వే చెప్పావు. రెప్పపాటులో. అడగరు."

ముడి విప్పడానికి గోళ్ళు చాలక పళ్ళతో లాగాల్సి వచ్చింది. ఆ వేళ షిఫ్టుకి ఆలస్యమైంది.

లాండ్రీలో ఆమె మనసు రోలరు మీద లేదు. ఆస్పత్రులకీ హోటళ్ళకీ దుప్పట్లు ఉతికిచ్చే చోటు అది. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, అంచు సరిచూసి, తిరుగుతున్న వేడి రోలర్ల మధ్యకి అందించాలి. ఒక కొస వెనకబడిందా, అవతలికి ముడతలతో వస్తుంది, మళ్ళీ తడిపి మళ్ళీ పెట్టాలి. వరసగా అలా ముడతలే వస్తుంటే అవతలి కొస పట్టుకున్నావిడ, "ఏం చేతులక్కా, ఇవాళ చేతులు ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అంది నవ్వుతూ.

టీ వేళకి బాయిలరు గదిలోకి వెళ్ళింది. బాయిలరు చూసుకునే ముసలాయన్ని అందరూ బాయిలరు తాత అంటారు. ఆయనకి రెండే పనులు, ఆవిరి గేజీ చూడడం, పాత రాజుల చరిత్ర చదవడం. బైబిలు ప్రవచనాలన్నిటినీ ఆ చరిత్రలో వెతికి పట్టుకుంటాడని, ఆయన నోరు తెరిస్తే షిఫ్టు అయిపోతుందని ఎవరూ ఆ ఊసు ఎత్తరు.

"తాతా, కడబూర గురించి నువ్వేమంటావు?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "కడబూర సంగతి తరవాత తల్లీ, ముందు దానికి ముందు మోగే ఆరు బూరల్ని లెక్కెట్టు. ఒక్కో బూర ఒక్కో యుగం. ఉత్తరాన్నుంచి దండు దిగి పాత సామ్రాజ్యాన్ని కూలగొట్టింది చూడు, అదో బూర. తూర్పున గుర్రాలవాళ్ళు లేచారే, అదింకోటి. ఇలా వరసగా మోగుకుంటూ వచ్చాయి. మనం ఇప్పుడు చిట్టచివరి రెండిటికీ మధ్యన ఉన్నాం."

"మోగినప్పుడు జనానికి వినబడ్డాయా మరి?"

"చెవులతో వినేవి కావమ్మా అవి. చరిత్ర చదివినవాడికే తెలుస్తాయి. అదీ అంతా అయిపోయి వందేళ్ళు గడిచాక."

"చదవనివాళ్ళ సంగతేంటి?"

"చదువుకోవాలి" అని తాత, అవసరం లేకపోయినా వాల్వు తిప్పడానికి లేచాడు.

ఆమె మళ్ళీ రోలరు దగ్గరికొచ్చి దుప్పటి కొస అందుకుందో లేదో, వాకిట్లో అరుపులు వినబడ్డాయి. చూసేసరికి చిన్ని పరిగెత్తుకొస్తోంది. కాళ్ళకి చెప్పుల్లేవు, బడి సంచీ లేదు, జుట్టు విడిపోయింది. తడి నేల మీద జారి, లేచి, తిరుగుతున్న రోలర్ల పక్కనుంచే దూసుకొచ్చి తల్లి ఒంటిని తడుముకుంది. నిజంగా ఉందా లేదా అని మనిషిని తడిమి చూసే తడమడం అది. అవతలావిడ గభాలున మిషను ఆపేసింది. దుప్పటి సగం లోపల, సగం బయట ఉండిపోయింది.

వెనకే రొట్టెల వ్యాను డ్రైవరు వచ్చాడు. "ఎవరమ్మా ఈ పిల్ల తాలూకు? రోడ్డుకి అడ్డంపడి వచ్చేసింది! ఎంత హారన్ కొట్టినా తిరిగి చూడదే! బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. లేకపోతే నా బతుకేంకాను, మీ బతుకేంకాను?"

"దానికి వినబడదు బాబూ" అంది చేతులక్క.

డ్రైవరు అక్కడున్న స్టూలు మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు.

చిన్ని చేతులు కుదురుకోవడానికి చాలాసేపు పట్టింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి తరగతిలో ఎవరూ లేరట. సంచులన్నీ ఉన్నాయి, పుస్తకాలు తెరిచే ఉన్నాయి, మనుషులే లేరు. టీచరు కళ్ళజోడు కూడా బల్ల మీదే ఉంది. పక్క తరగతీ ఖాళీ. అయిపోయిందనుకుంది. తనని వదిలేసి అందరూ పోయారు, అమ్మ కూడా పోయిందో లేదో చూద్దామని వచ్చింది. బడివాళ్ళు పిల్లలందర్నీ ఆటకి మైదానంలోకి తీసుకెళ్ళారని తరవాత తెలిసింది.

చేతులక్క పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఆ తడి నేల మీదే కూర్చుండిపోయింది. తను చేతులతో చెప్పిన మాట చక్రాల కింద దాకా తీసుకెళ్ళింది పిల్లని. ఆ పూట బతికింది. రేపు ఏ వ్యానుకి బ్రేకులు పడవో? ఎవరో ఒకరు ఈ పిల్లకి నచ్చేలా సరైన జవాబు చెప్పాలి, అదీ ఇవాళే చెప్పాలి అనుకుంది.

చెప్పగలవాళ్ళు పుట్టింట్లోనే ఇద్దరున్నారు. నాన్న ఊళ్ళోని పాత రాతి చర్చిలో పాస్టరుగా చేసి రిటైరయ్యాడు. అన్నయ్య పాస్టర్లని తయారుచేసే వేదాంత పాఠశాలలో పాఠాలు చెబుతాడు. తండ్రీకొడుకులిద్దరూ ప్రభువు వెయ్యేళ్ళ పరిపాలన గురించి వెయ్యేళ్ళ నుంచీ పోట్లాడుకుంటున్నారని ఇంట్లో హాస్యం. ఆమె హాలుకి వెళ్ళడం ఇద్దరికీ ఇష్టం లేదు. కానీ చెవిటివాళ్ళకంటూ ఒక బెంచీ వేసింది ఆ హాలు ఒక్కటే.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర సంగతి చెప్పింది. అన్నయ్య చెంచా కింద పెట్టేశాడు.

"ఆ హాలువాళ్ళ మాటలు పిల్ల బుర్రలోకి ఎందుకెక్కించావు చెల్లీ? బైబిలు చివరి పుస్తకంలోని ఆ బూరలు, లోకాన్ని హింసించే ఆ మృగం, ఆ శ్రమలు అన్నీ అది రాసిన కాలంవాళ్ళకి చెప్పినవి. దాదాపు రెండువేల ఏళ్ళ కిందటే వాళ్ళ నగరం కూలింది, గుడి తగలబడింది, చెప్పింది చెప్పినట్టు జరిగింది. అయిపోయినదాన్ని పట్టుకుని రేపో మాపో అంటూ జనాన్ని హడలగొడుతున్నారు."

చేతులక్క సైగల్లో చెబుతూనే ఉంది. అలవాటు చొప్పున ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

చిన్ని ముఖంలో రంగు పోయింది. "అయిపోయిందా?" అని అడిగింది. "బూర మోగేసిందా? అయితే పోవలసినవాళ్ళంతా పోయారా? మనం మిగిలినవాళ్ళమా?"

"ఏమంటోంది?" అన్నాడు అన్నయ్య.

చెప్పింది.

"అబ్బే, అది కాదు. అది వేరు, చనిపోయినవాళ్ళు లేచేది వేరు. అది ముందుంది, ఎప్పుడో..."

"ఆఁ, నీకు నచ్చినచోట కత్తెర పెడతావు" అన్నాడు నాన్న. "ఇంతవరకు అయిపోయింది, ఇక్కణ్ణుంచి అవ్వాలి. ఆ గీత ఎవరు గీశార్రా?"

"మీరు మాత్రం? వెయ్యేళ్ళంటే పోలిక, మృగమంటే పోలిక, బూరంటే పోలిక. అన్నీ పోలికలైతే ఇంక మిగిలేదేముంది?"

"పోలికంటే అబద్ధమని కాదురా. దేవుడు ప్రతి తరాన్నీ పిలుస్తాడు, ప్రతి తరంలోనూ మృగం లేస్తుంది, చివరికి గెలుపు ఆయనది. అదీ దాని భావం. ఇత్తడి బూర పట్టుకుని ఎవరో ఆకాశంలో నిలబడతారని కాదు." నాన్న కుర్చీ జరుపుకుని మనవరాలి పక్కకొచ్చి తల నిమిరాడు. "చెప్పమ్మా దానికి. అక్కడ నిజం బూర ఉండదని చెప్పు. గుండెకి వినబడే పిలుపు అని చెప్పు."

చెప్పింది. చిన్ని తాతయ్య ముఖాన్ని, తల్లి చేతుల్ని మార్చి మార్చి చూసింది. పిల్ల తల్లిని ఏదో అడిగింది. ఏమంటోందని నాన్న రెట్టించాక చేతులక్క చెప్పింది. "బూర లేకపోతే, ఆదివారం అమ్మ చేతులు అబద్ధం చెప్పాయా అంటోంది. ఇప్పుడు చెబుతున్నది మటుకు అబద్ధం కాదని ఎలా తెలుస్తుందని అడుగుతోంది."

నాన్న చెయ్యి పిల్ల తల మీద ఆగిపోయింది. ఆ పెద్దమనిషి జీవితమంతా ప్రసంగాలు చెప్పాడు. మంచినీళ్ళు తాగి, "భోంచెయ్యమనమ్మా పిల్లని" అన్నాడు. అన్నయ్య అప్పటికే లేచి లోపలికెళ్ళి లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చాడు. ఇద్దరూ మళ్ళీ ఆ గీత ఎక్కడ గీయాలన్నదాని మీద పడ్డారు. పిల్ల ముద్ద ముట్టలేదు. ఇంటికొచ్చాక తల్లి చూస్తుండగానే సంచిలోంచి నాడా తీసింది. చేతులక్క చెయ్యి చాపింది.

నిజానికి ఆమెకి ఆ ఇద్దరి మాటల మీదా నమ్మకం లేదు. ఆమె నమ్మింది పాస్టరుగారి మాటే. బూర ఉంది, మోగుతుంది, తను వింటుంది. గంజి వాసనలో, ఆవిరిలో, కాళ్ళు లాగే షిఫ్టుల్లో ఆమెని నిలబెట్టింది ఆ ఒక్క ఆశే. అందుకే పిల్ల ప్రశ్న ఆమెని అంతగా కోసేసింది. పిల్ల తప్పుగా అర్థం చేసుకోలేదు. సరిగ్గానే అర్థం చేసుకుంది.

శనివారం హాలుకి వెళ్ళింది. ఆదివారం కడబూర ప్రసంగం రెండో భాగం, దానికోసం ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీదున్నాడు. వేదిక మీద బ్యాండువాడొకడు బూర తుడుచుకుంటున్నాడు. పాస్టరుగారు ఆమెని చూసి ఎదురొచ్చారు. మనిషి మంచివాడు. చిన్నికి జ్వరమొస్తే ఆస్పత్రిలో కూర్చుని ప్రార్థించినవాడు. ఆమె చెప్పిందంతా నిలబడి ఓపిగ్గా విన్నారు.

"దిగులెందుకు చేతులక్కా? ఆ రోజు చెవిటివాళ్ళ చెవులు తెరుచుకుంటాయి కదా."

"ఎప్పుడండీ? బూర మోగకముందా, తరవాతా?"

"అంటే?"

"ముందే తెరుచుకుంటే వింటుంది. ఎత్తబడ్డాక తెరుచుకుంటాయంటే, వినకుండా ఎలా ఎత్తబడుతుందండీ?"

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశారు. "ప్రభువు చూసుకుంటాడమ్మా. కొంచెం భయం మంచిదే. భయమే మనిషిని సిద్ధం చేస్తుంది. రేపు తీసుకురండి పిల్లని. లైట్లన్నీ ఆర్పేసి, చిమ్మచీకట్లో బూర ఊదిస్తున్నాం. ఎన్నేళ్ళు చెప్పినా రానిది ఆ ఒక్క క్షణంలో వస్తుంది."

"లైట్లు ఆర్పేస్తే నా చేతులు కనబడవండీ వాళ్ళకి."

"కాసేపేగా?"

"నా తల మీది బల్బు ఒక్కటి ఉంచండి. చిన్నదే. పక్కగోడ దగ్గరే కదా."

ఆయన ఎలక్ట్రీషియన్ వైపు చూశారు. ఉంచవచ్చు, వేరే స్విచ్చే అన్నాడు అతను పైనుంచి. పాస్టరుగారు కాసేపు నిజంగానే ఆలోచించారు. "వద్దులే. హాలంతా దానివైపే చూస్తుంది. చీకటి చీకటిలా ఉండాలి. తరవాత మీరు వాళ్ళకి వివరంగా చెబుదురుగాని" అని, ఆమె భుజం తట్టి బూరవాడి దగ్గరికి వెళ్ళిపోయారు.

హాలంతటికీ వినబడేదాన్ని ఆ బెంచీకి తరవాత చెప్పొచ్చు. ఎప్పుడూ అంతే కదా అనుకుంది చేతులక్క. అన్నేళ్ళలో ఆ మాట తట్టడం అదే మొదటిసారి.

ఆదివారం పిల్లని అన్నయ్య దగ్గర వదలాలని చూసింది. చిన్ని తలుపు పట్టుకుని కదల్లేదు. "బూర ఎలా ఉంటుందో నాకు తెలియాలి" అంది. "ఒకసారి తెలిస్తే గుర్తుపడతాను."

హాలు కిటకిటలాడుతోంది. చెవిటివాళ్ళ బెంచీ మీద ఎప్పటివాళ్ళే ఉన్నారు. ముసలి దర్జీ, వడ్రంగీ, అతని భార్యా, ఆ చివర చిన్ని. లైట్లు ఆరిపోతాయని, కంగారు పడవద్దని, బూర ఊదుతారని వాళ్ళకి ముందే చెప్పింది. వడ్రంగి అరచెయ్యి బెంచీ చెక్కకి ఆనించి చూపించాడు. చెక్క అదురుని ఇలా పట్టుకుంటాం మేం అని. చిన్ని కూడా ఆనించింది.

ప్రసంగం సాగింది. చేతులక్క చేతులు వాటంతటవే తిరిగాయి. ఆకాశం చుట్టుకుపోవడం, నక్షత్రాలు రాలడం, పొలంలో ఇద్దరు, మంచం మీద ఇద్దరు. రెండు వేళ్ళు అరచేతి మీద నిలబెట్టేచోట మాత్రం ఆమె చేతులు తడబడ్డాయి. పాస్టరుగారు గొంతు తగ్గించి, "ఇప్పుడే అయితే?" అన్నారు. అది ఆమె చేతుల్లో ఉండగానే లైట్లు పోయాయి.

తడుముకుంటూ బెంచీ దగ్గరికి వచ్చి చివర కూర్చుంది. చిన్ని చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. నాడా చుట్టుకోవడం తెలిసింది. ఆ చిమ్మచీకట్లో కూడా ముడి సరిగ్గానే పడింది.

అప్పుడు బూర మోగింది.

స్పీకర్లలోంచి వచ్చిన ఆ మోత గోడల్ని పట్టుకుని ఊపింది. కాళ్ళ కింద నేల, తొడల కింద చెక్క జుమ్మన్నాయి. "విన్నవాళ్ళు లేవండి!" అని పాస్టరుగారు కేక వేశారు. హాలంతా ఒక్కసారిగా లేచిన చప్పుడు. ఎవరో ఏడ్చారు, ఎవరో స్తోత్రం అని అరిచారు. చేతులక్క లేచింది. లేవాలనుకుని లేవలేదు, కాళ్ళే లేపాయి. చిన్నప్పటినుంచి కాచుకున్న చప్పుడు అది. ఒళ్ళంతా తేలికైపోయింది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, ముఖం దానంతటదే పైకెత్తుకుంది. ఆ క్షణంలో ఆమెకి కూతురు గుర్తులేదు.

మణికట్టు దగ్గర పట్టి లాగింది.

ముడి బిగుసుకుంది. అవతలి కొసన పిల్ల లేవలేదు. లేవాలని దానికి ఎవరు చెప్పారు? చీకట్లో చెప్పేవాళ్ళెవరు? చెక్క మీద అరచెయ్యి ఆనించుకుని, అమ్మ చేతులు చెబుతాయని చూస్తూ కూర్చుంది. దాని అమ్మేమో లేచిపోయింది.

పిల్ల భయం నిజమేనని చేతులక్కకి అప్పుడు తెలిసింది. అడగరు అంది పిల్ల. నిజంగానే ఎవరూ అడగలేదు, తనూ వెనక్కి తిరిగి చూడలేదు. పైకి పోయేటప్పుడు పట్టుకుని పోదామని పిల్ల కట్టిన నాడా అది. అదే ఆమెని కిందికి లాగింది. ఆమె కూర్చుంది. చుట్టూ అందరూ నిలబడి ఉంటే ఆ చీకటి అడుగున కూర్చోవడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

లైట్లు వెలిగాయి. హాలంతా నిలబడి ఉంది, బెంచీ ఒక్కటే కూర్చుని ఉంది. దర్జీ బిత్తరపోయి చుట్టూ చూస్తున్నాడు. వడ్రంగి భార్య మొగుడి మోచెయ్యి పట్టుకుంది. తలలు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి.

"చేతులక్కా, లేవండమ్మా" అన్నారు పాస్టరుగారు మైకులో, మెత్తగానే.

"వీళ్ళకి వినబడలేదండి."

"మీకు వినబడిందిగా?"

"వినబడింది."

"మరి లేవండి. వాళ్ళకి చెప్పి లేపండి."

ఆమె లేవలేదు. కావాలంటే ఇది ఉత్త ప్రదర్శనే కదా అనవచ్చు. కాళ్ళు నొప్పులండీ అన్నా సరిపోయేది. కానీ ఆమెకి అది ప్రదర్శన కాదు, ఆయనకీ కాదు. "నేను వీళ్ళ దగ్గర కూర్చుంటానండి" అంది.

పాస్టరుగారి ముఖంలో కోపం లేదు, నిజమైన కంగారు ఉంది. "ఆ రోజు కూడా ఇలాగే కూర్చుంటారా?" అన్నారు.

ఏం వదులుకుంటోందో చేతులక్కకి తెలుసు. నాన్న అన్నట్టు పోలికైతే, అన్నయ్య అన్నట్టు అయిపోయిన సంగతైతే పోయేదేమీ లేదు. ఆమెకి అలా కాదు.

"కూర్చుంటానండి" అంది. అని, చేతులెత్తి అదే మాట బెంచీకి చెప్పింది. కట్టి ఉన్న చెయ్యితోనే చెప్పింది. ఎడమ అరచేతి మీద ఒంటివేలు నిలబెట్టింది, దాని పక్కన రెండో వేలు తెచ్చి ఆనించింది. రెండిటినీ వంచి కూర్చోబెట్టింది.

దర్జీ అది చాలాసేపు చూశాడు. తరవాత తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వేదిక వైపు చూడడం మానేశాడు. మిగతా ప్రసంగం ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. సభ అయ్యాక ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. వచ్చే వారం నుంచి బెంచీ సంగతి మేం చూసుకుంటాం అని మాత్రం వాకిట్లో ఒక సంఘపెద్ద చెప్పాడు.

ఇంటికెళ్ళే దారిలో దీపం స్తంభం కింద చిన్ని ఆగింది.

"నువ్వు లేచావు" అంది. "నాడా లాగింది."

అబద్ధం చెప్పడానికి చేతులు రాలేదు. "లేచాను" అంది చేతులక్క.

"నన్ను పిలవలేదు."

"పిలవలేదు."

పిల్ల తల్లి చేతులకేసే చూసి, "తరవాత కూర్చున్నావు" అంది.

"కూర్చున్నాను."

చిన్ని ఇంకేమీ అడగలేదు. తల వంచి, తన మణికట్టు ముడి పళ్ళతో విప్పుకుంది. తరవాత తల్లిది విప్పింది. నాడాని రెండు వేళ్ళకి చుట్టి, విడిపోయిన జుట్టు వెనక్కి లాక్కుని దానితో గట్టిగా కట్టేసుకుంది.

సోమవారం తెల్లవారుజామున చేతులక్కకి అలారం కంటే ముందే మెలకువ వచ్చింది. మణికట్టుకి ఏమీ లేదు. పక్కన చిన్ని నోరు తెరుచుకుని, కాళ్ళు చేతులు బార్లా చాపి, మంచమంతా తనదే అన్నట్టు పడుకుంది. ఎన్నాళ్ళ నిద్రో ముఖం మీద కనబడుతోంది. జుట్టుకి కట్టుకున్న నాడా ఊడి దిండు మీద పడింది.

నిద్ర ఇప్పుడు తల్లికి లేదు. వీధిలో ఏ చప్పుడైనా చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి. కుళాయి బొట్లు వినబడ్డాయి, పై వాటాలో ఎవరో కుర్చీ జరపడం వినబడింది. ప్రభువా, పిల్ల పెద్దదయ్యేదాకా ఆగు అని అడుగుదామనుకుని, ఇన్నేళ్ళూ త్వరగా రమ్మని వేడుకున్న తనే ఆ మాట అనాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చి నోట్లో దుప్పటి కుక్కుకుంది.

వీధి మలుపులో బూరలాంటిదేదో మోగింది. ఒళ్ళు జల్లుమంది. రొట్టెల వ్యాను హారనో, మరొకటో, తెలుసుకునే వ్యవధి లేదు. కాళ్ళు వాటంతటవే దుప్పట్లోంచి బయటికొచ్చాయి. ఆమె వాటిని మళ్ళీ లోపలికి లాక్కుంది. పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, లేవకుండా పడుకుంది.